రాజు లేని కొలువులో జనం

పాడుబడిన కోటనో, ఏలిక లేని రాజభవనాన్నో చూసినప్పుడు మనిషికి వైరాగ్యం కలగాలని మన పెద్దలు చాలా కాలంగా ఆశిస్తూ వచ్చారు. వైరాగ్యమంటే ఒక వస్తువు తనది కావాలన్న పట్టు, తనదైనది ఎన్నటికీ తన దగ్గరే ఉండిపోవాలన్న తాపత్రయం సడలిపోవడం. ఆ సడలింపు ఎంతసేపు నిలుస్తుందన్న అనుమానం కూడా తెలుగువారికి ముందునుంచీ ఉంది కనుకనే పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడింటిని విడదీసి చెప్పుకున్నారు. పురాణం వింటున్నంతసేపు ఉండేది మొదటిది, పురిటి నొప్పులు తగ్గేదాకా ఉండేది రెండోది, కాటి నుంచి ఇల్లు చేరేలోగా ఆరిపోయేది మూడోది. రాజభవనపు గుమ్మంలో కలిగే వైరాగ్యం వీటిలో ఏ కోవలోకి వస్తుందో, అసలు అది వైరాగ్యమేనా, లేక ఆ పేరుతో మరొక ప్రశ్నను దాటవేయడమా అన్నది విచారించదగిన విషయం.

ఈ విచారణకు దసరా సెలవుల ఆఖరి రోజు చౌమహల్లా ప్యాలెస్ తగిన చోటు. హైదరాబాదు పాతబస్తీలో చార్మినారుకు కూతవేటు దూరంలో ఉన్న ఈ భవన సముదాయాన్ని 18వ శతాబ్దం మధ్యలో నిజాం వంశపు సలాబత్ జంగ్ మొదలుపెట్టగా, 1857 నుంచి 1869 వరకు ఏలిన అయిదో ఆసఫ్ జా, అఫ్జలుద్దౌలా కాలంలో అది పూర్తయింది. ఒకప్పుడు 45 ఎకరాలు పరుచుకున్న ఈ ప్రాంగణంలో ఇప్పుడు మిగిలింది పన్నెండు పద్నాలుగు ఎకరాలే. ఖిల్వత్ ముబారక్ అనే దర్బారు మందిరంలో పైకప్పు నుంచి 19 షాండ్లియర్లు వేలాడుతుంటాయి. వాటి కింద తఖ్త్-ఎ-నిషాన్ అనే తెల్లని చలువరాతి వేదిక, అంటే నిజాములు కొలువుతీరిన రాజపీఠం, ఉంటుంది. సెలవులకు ఇల్లు చేరిన పిల్లలను మర్నాడు బడికో, హాస్టలుకో పంపవలసిన తల్లిదండ్రులు, చుట్టపుచూపుగా వచ్చి ఊరికి మళ్లవలసినవారు, ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్ వంటి దూరపు ఊళ్ల నుంచి వచ్చి ఆ రాత్రి బస్సుకే తిరిగి వెళ్లవలసినవారు ఒకే పూట ఆ మందిరంలోకి చేరుతారు. ఒకరి భుజం ఒకరికి తగలకుండా అడుగు పడదు. తలల మీదుగా పీఠం కనబడాలని పిల్లలను మెడలమీదికి ఎత్తుకుంటారు. పీఠం ఎదుట నిలిచే వ్యవధి కొన్ని క్షణాలే, ఆ క్షణాల్లో చాలామంది చేసేది పీఠానికి వీపు తిప్పి ఫోన్‌లో ఫొటో తీసుకోవడం.

ఈ చివరి పని మీద కొంచెం ఆగాలి. దర్బారు మర్యాద ప్రకారం ఏలినవారికి వీపు చూపడం అపచారం. కొలువులోకి వచ్చినవాడు వంగి సలాము చేసి, సెలవు దొరికాక, ముఖం పీఠంవైపే ఉంచి వెనకడుగులు వేస్తూ బయటికి పోవలసిందే. ఆ శరీర క్రమశిక్షణ అంతా ఈనాడు ఎవరూ రద్దు చేయకుండానే రద్దయిపోయింది. పీఠం ముందు నిలబడినవారు అవమానించాలని వీపు తిప్పడం లేదు, ఆ చోట తామూ ఉన్నామని చూపుకోవడానికి తిప్పుతున్నారు. గుడిలో దర్శనం జరిగే తీరుకూ దీనికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. దర్శనమంటే భక్తుడు దేవుడిని చూడటంతోపాటు దేవుడి చూపు తన మీద పడిందని నమ్మడం కూడా కనుక, గంటల తరబడి వరుసలో నిలిచినవాడు రెప్పపాటు దర్శనంతో తృప్తి పడగలడు. ఖాళీ పీఠానికి అలా తిరిగి చూసే చూపు లేదు. అక్కడ చూసేవాడు మాత్రమే ఉన్నాడు, కాబట్టి తాను ఏం చూడాలో, చూసినదానితో ఏం చేయాలో అతడే తేల్చుకోవాలి.

వైరాగ్యాన్ని బోధించే గ్రంథాలు ఈ విషయంలో ఏమంటున్నాయో చూడటం అవసరం. భాగవతం పన్నెండో స్కంధంలో భూమి రాజులను చూసి నవ్వుతుంది: తనను జయించామని అనుకునే వీరంతా మృత్యువు చేతిలో ఆటబొమ్మలేనని, తండ్రీ కొడుకులు, అన్నదమ్ములు తన కోసం తన్నుకు చచ్చి చివరికి తనను ఇక్కడే వదిలి పోతారని ఆమె నవ్వు సారాంశం. పోతన భాగవతంలో ఈ స్కంధాన్ని తెనిగించినవాడిగా ఆయన శిష్యుడు వెలిగందల నారయ పేరు చెబుతారు. గమనించవలసింది, ఆ మాటలు ఎవరితో చెప్పబడ్డాయన్నది. శుకుడు ఆ కథ చెప్పింది పరీక్షిత్తుకు. అతడు సింహాసనం ఎక్కినవాడు, శాపవశాన ఏడో రోజు తనకు మరణం తప్పదని తెలిసినవాడు, అప్పటికే రాజ్యాన్ని వదిలి గంగ ఒడ్డున కూర్చున్నవాడు. భూమి నవ్వు అతడికి గుచ్చుకోవడానికి కారణం ఉంది, ఆ నవ్వు అతడి పూర్వుల మీద, అతడి మీద.

ఇంతకంటె సూక్ష్మమైన కథ బౌద్ధుల దీఘనికాయంలోని మహాసుదస్సన సుత్తంలో ఉన్నది. దీఘనికాయమంటే బుద్ధుడి దీర్ఘ ప్రవచనాల సంపుటి, సుత్తమంటే ఒక్కొక్క ప్రవచనం. పరినిర్వాణానికి కుసినారాను ఎంచుకున్నప్పుడు, ఇంత చిన్న ఊళ్లో దేహం చాలించవద్దని ఆనందుడు వేడుకోగా, ఒకప్పుడు ఇదే కుసావతి అనే మహానగరమని, మహాసుదస్సనుడనే చక్రవర్తికి ఇక్కడ ధర్మప్రాసాదం ఉండేదని బుద్ధుడు చెప్పడం మొదలుపెడతాడు. ఆ రాజుకు నగరాలు, ప్రాసాదాలు, ఏనుగులు, గుర్రాలు, రథాలు అన్నీ 84,000 చొప్పున ఉండేవట. అతడు ప్రాసాదంలోని గర్భమందిరపు గుమ్మంలో నిలిచి, కామం, ద్వేషం, హింస తలంపులను ఇక్కడితో ఆగిపొమ్మని చెప్పి లోపలికి వెళ్లి ధ్యానంలో కూర్చుంటాడు. ఎంతో కాలం తరువాత రాణి సుభద్ద ఆయనను చూడాలని అంతఃపుర స్త్రీలతో, చతురంగ బలంతో ప్రాసాదానికి వస్తుంది. ఆ జన సందోహపు చప్పుడు విని రాజు బయటికి వచ్చి, ద్వారబంధానికి ఆనుకుని నిలిచిన రాణిని లోపలికి రావద్దని ఆపుతాడు.

తరువాతి ఘట్టం ప్రపంచ ధార్మిక సాహిత్యంలోనే అరుదైనది. రాజు చివరి గడియ దగ్గరపడిందని భయపడిన రాణి, ఈ నగరాలు నీవి, ఈ ప్రాసాదాలు నీవి, వీటి మీద ఆశ నిలుపుకొని బతుకు అని బతిమాలుతుంది. ఇంతకాలం ఇష్టమైన మాటలే మాట్లాడి చివరి వేళ అయిష్టమైన మాట ఎందుకు అంటున్నావని రాజు అడుగుతాడు. ప్రియమైనవన్నీ ఎడబాసేవే కనుక వీటి మీద ఆశ వదులుకొమ్మని చెప్పడమే ఇప్పుడు తగిన మాట అని నేర్పుతాడు. ఆమె ఏడ్చి, కన్నీళ్లు తుడుచుకొని, ఆ మాటే చెబుతుంది. అప్పటి ఆ రాజు తానేనని చివర బుద్ధుడు ఆనందుడికి వెల్లడించి, అన్ని వేల ప్రాసాదాల్లో తాను నివసించింది ఒక్కదానిలోనేనని, అన్ని వేల మంచాల్లో పడుకున్నది ఒక్కదాని మీదేనని లెక్క చెబుతాడు. చౌమహల్లా ప్రాంగణంలో ప్రదర్శనకు ఉంచిన పసుపు రంగు రోల్స్ రాయిస్ కారు ముందు గుమిగూడేవారికి ఈ లెక్క వెంటనే తెలుస్తుంది; దాన్ని చేయించుకున్న ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో మరణించిన తరువాత గాని అది హైదరాబాదు చేరలేదు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ సైతం చౌమహల్లాను వేడుకలకు, దర్బారుకు ఉంచుకొని తాను కింగ్ కోఠీలోనే కాపురమున్నాడు.

అయితే ఈ రెండు కథల్లోనూ వైరాగ్యం ఎవరిదో మరువరాదు. ఉన్నవాడు వదులుకోవడం వైరాగ్యం. ఎన్నడూ లేనివాడు, ఉండే అవకాశమే లేనివాడు, పోయేటప్పుడు ఏం కట్టుకుపోయారని నిట్టూర్చి గడప దాటితే అతడు వదులుకున్నది ఏమిటి? టిక్కెట్టు కొని వచ్చిన చూపరి రాజు పక్షాన వైరాగ్యం అనుభవించి, దాన్ని తన జ్ఞానంగా ఇంటికి తీసుకుపోతున్నాడు. ఇందులో ఖర్చు లేదు. పైగా దీనివల్ల ఒక నష్టం ఉంది: అన్నీ పోయేవే అని తేల్చేసిన తరువాత, ఇదంతా ఎలా వచ్చింది, ఎవరి చెమటతో వచ్చింది, అందుకు ఎవరు ఏమి కోల్పోయారు అని అడగవలసిన పని మిగలదు. అనిత్యత, అంటే పుట్టినదేదీ నిలవదన్న సిద్ధాంతం, లోభిని మార్చడానికి పుట్టిందే గాని లోభి ఖాతాను మూసివేయడానికి కాదు.

ఆ భవనాన్ని కట్టుకున్నవారి మతం ఇక్కడ మంచి దారి చూపుతున్నది. పూర్వుల అవశేషాలను చూసి నేర్చుకోవడాన్ని ఇస్లామీ సంప్రదాయంలో ఇబ్రత్ అంటారు. దక్కన్ ఉర్దూలో ఇది పండితుల నోటనే కాక మామూలు మాటగానూ వినబడుతుంది. భూమి మీద తిరగండి, మీకు ముందున్నవారి గతి ఏమైందో చూడండి అని ఖురాన్ పలుచోట్ల చెబుతుంది. సమూదు జాతి కథ చెప్పే నమ్ల్ సూరాలో, అంటే చీమల పేరుగల అధ్యాయంలో, పాడుబడిన వారి ఇళ్లను చూపి, అవి అలా కావడానికి వారి జుల్మ్, అనగా అన్యాయం, కారణమని స్పష్టంగా ఉంటుంది. కాలమే అన్నింటినీ మింగుతుందని చెప్పి ఊరుకోకుండా, పడిపోయిన గోడకూ దాన్ని కట్టినవారి నడవడికీ ముడిపెట్టడం ఆ బోధలోని బలం. ఖాళీ ఇంటిని చూసినవాడు విచారించవలసింది దాని యజమాని మరణాన్ని మాత్రమే కాదు, అతడి ఏలుబడిని కూడా.

ఉట్నూర్ నుంచి వచ్చిన చూపరికి ఈ విచారణ పుస్తకాలతో పనిలేకుండానే ఎదురవుతుంది. ఆదిలాబాద్ అడవులు ఆసఫ్ జాహీ రాజ్యపు ఉత్తరపు అంచు. అడవిని ప్రభుత్వం తన రక్షిత ప్రాంతంగా హద్దులు గీసి ప్రకటించుకుంటూ పోయినకొద్దీ, తరతరాలుగా పోడు కొట్టుకొని బతికిన గోండులు, కోలాములు తమ చేలల్లోనే దోషులయ్యారు. పశువులు మేసినందుకు, కట్టెలు కొట్టుకున్నందుకు పన్ను కట్టవలసివచ్చింది, కట్టలేనివారి గుడిసెలు తగలబడ్డాయి. జల్, జంగల్, జమీన్, అంటే నీరు, అడవి, భూమి తమవేనన్న గోండు నాయకుడు కొమురం భీం 1940లో జోడేఘాట్ గుట్టల్లో పోలీసు కాల్పుల్లో నేలకొరిగాడు. ఏటా ఆయన వర్ధంతిని ఆశ్వయుజ పౌర్ణమినాడు జరుపుతారు. విజయదశమికి అది అయిదో రోజు కనుక, దసరా సెలవులు ముగిసి జనం రాజభవనాలు చూసి ఇళ్లకు మళ్లే రోజులూ, జోడేఘాట్‌కు ఆదివాసీలు నడిచి వెళ్లే రోజులూ దాదాపు ఒకటే. క్యాలెండరులోని ఈ కలయిక యాదృచ్ఛికమే అయినా, అది కళ్లముందు పెడుతున్న ప్రశ్న యాదృచ్ఛికం కాదు.

ఆ షాండ్లియర్లలో ఏ గాజుముక్క ఏ అడవి పన్నుతో కొన్నదో విడదీసి చూపడం ఎవరివల్లా కాదు. ఖజానాలో పడిన రూపాయికి ఊరి పేరు ఉండదు. న్యాయంగా చెప్పవలసిన మరో మాట కూడా ఉంది. భీం మరణం తరువాత నిజాం ప్రభుత్వమే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్‌ను గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నియమించింది. జైనూరు దగ్గరి మార్లవాయిలో ఆయన కాపురముండి చేసిన సిఫారసులతో బడులు వచ్చాయి, కొన్ని వేల కుటుంబాలకు భూమి పట్టాలు దక్కాయి. రాజ్యం పోయిన తరువాత అన్యాయం కూడా పోయిందనడానికీ వీలులేదు: 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి హక్కుల కోసం సభకు వచ్చిన ఆదివాసీల మీద కాల్పులు జరిపింది రాజు పోలీసులు కాదు, ప్రజాస్వామ్య ప్రభుత్వపు పోలీసులు. సింహాసనం ఖాళీ అయినంత మాత్రాన ఏలుబడి ఖాళీ కాదు. రాజభవనంలో అనిత్యతను నేర్చుకుని తృప్తిపడేవాడు ఈ సంగతిని చూడలేడు.

మరి చూపరి చేయవలసింది ఏమిటి? వైదిక సంప్రదాయంలోని ఋణ భావన ఇక్కడ వైరాగ్యం కంటె ఎక్కువ ఉపయోగపడుతుంది. మనిషి దేవతలకు, ఋషులకు, పితరులకు అప్పుపడి పుడతాడన్న ఋణత్రయం అందరికీ తెలిసిందే. శతపథ బ్రాహ్మణం దీనికి నాలుగోదాన్ని, మనుష్య ఋణాన్ని, చేర్చింది. తోటి మనుషులకు ఉన్న అప్పు అది, వచ్చినవారికి చోటిచ్చి అన్నం పెట్టడంతో తీరుతుందని ఆ గ్రంథం అంటుంది. వైరాగ్యం ఇది నాది కాదు అని చెప్పి తప్పుకుంటుంది. ఋణ భావన ఇది ఎవరిది, నా దాకా ఎలా వచ్చింది అని అడుగుతుంది. ఈ రెండో ప్రశ్న ఏమీ లేనివాడు కూడా అడగగలిగినది, అడగవలసినది. రాతిని చెక్కిన చేతులు, గాజును తుడిచిన చేతులు, పన్ను చెల్లించిన ఊళ్లు రాజుల తైలవర్ణ చిత్రాలున్నంత స్పష్టంగా ఆ గోడల మీద ఉండవు. వాటిని ఊహించి చేర్చుకోవలసిన బాధ్యత చూపరిదే.

ఈ వాదానికి ఒక ఆక్షేపణ రావచ్చు: అందమైనదాన్ని చూసి ఆనందించే హక్కు సెలవు రోజున కూడా మనిషికి ఉండరాదా? తప్పక ఉండాలి. అలంకారశాస్త్రంలో భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం, అంటే ఒక భావం ఫలానావారిదన్న గుర్తు తొలగిపోయి అందరిదీ కావడం, రసానందానికి మూలం. నాటకం చూసేవాడు దుష్యంతుడి ప్రేమను తనదనీ, పరులదనీ అనుకోకుండా అనుభవించినప్పుడే అది రసమవుతుంది. షాండ్లియర్ వెలుగు కింద తండ్రి మెడమీద కూర్చుని నోరు తెరిచి చూస్తున్న పిల్ల ఆనందం ఈ లక్షణానికి సరిపోయినంతగా, దాన్ని కొని, లెక్కరాయించి, కావలి పెట్టిన యజమాని ఆనందం సరిపోదు. అందుచేత ఆఖరి సెలవు రోజు జనసమ్మర్దాన్ని ఆ భవనానికి పట్టిన కీడుగా భావించే అభిరుచి గలవారితో ఏకీభవించడం కష్టం. ఏకాంతంగా చూస్తేనే లోతుగా చూసినట్టని వారు అంటారు. ఏకాంతంగా చూడటం ఆ గోడల మధ్య ఇదివరకు ఒక్కడికే ఉన్న సౌకర్యం. తోపులాటలో చూడటమే అక్కడ కొత్తగా జరుగుతున్న సంఘటన. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించిన, ఏడో నిజాం మనవడు ముకర్రం జా భౌతికకాయాన్ని ఖననానికి ముందు చౌమహల్లాలోనే ఉంచినప్పుడు కూడా చూడటానికి వచ్చింది నగరపు మామూలు జనమే. అయితే ఆనందం అప్పును రద్దు చేయదు, అప్పు గుర్తుకు వచ్చినంత మాత్రాన ఆనందం చెడిపోనక్కరలేదు. పండుగ భోజనం చేస్తూ వండినవారిని తలుచుకున్నంత సహజంగా ఈ రెండూ ఒకే మనసులో ఉండగలవు.

కొలువుకు భవనం అవసరం లేదన్న అనుభవం ఉట్నూర్ ప్రాంతానికి సొంతంగా ఉన్నది. పొరుగునే ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు గోండుల్లోని మెస్రం వంశీయులు గోదావరి నుంచి కాలినడకన తెచ్చిన నీటితో నాగదేవత అయిన నాగోబాకు పూజ చేస్తారు. ఆ జాతరలో భాగంగా దర్బారు జరుగుతుంది. 1940లలో హైమండార్ఫ్ చొరవతో మొదలైన ఈ దర్బారులో మాట్లాడవలసినవారు ప్రజలు, వినవలసినవారు అధికారులు. విన్నదంతా నెరవేరుతుందా అన్నది వేరే సంగతి, నెరవేరని అర్జీలు ఏటా మళ్లీ వస్తూనే ఉంటాయి. అయినా కొలువు ఎవరి కోసమన్న ప్రశ్నకు అది ఇచ్చే జవాబు ఖిల్వత్ ముబారక్ ఇచ్చిన జవాబుకు భిన్నమైనది. గోండుల దైవభావన దీనికంటె ఇంకా లోతుకు పోతుంది. వంశానికి పెద్ద దేవుడైన పెర్సాపేన్‌కు చిహ్నాలు ఇనుప ఈటె మొన, చమరీమృగపు తోకతో కట్టిన చామరం. చామరం లోకంలో ఎక్కడైనా రాజుకు, దేవుడి విగ్రహానికి విసిరే సేవా సామగ్రి; ఇక్కడ విసరడానికి వేరే ప్రభువు లేడు, ఆ చామరమే దైవం. కటోడ, అంటే వంశ పూజారి, పండుగ రోజున దాన్ని బయటికి తెచ్చి, పూజ అయ్యాక తిరిగి ఊరి వెలుపల మరుగున దాచిపెడతాడు. చూపడానికి ఏడాది పొడవునా తెరిచి ఉంచే మందిరం దానికి లేదు, ఉండాలని కూడా వారు కోరుకోలేదు.

ఇంత చెప్పిన తరువాత ఉట్నూర్‌లోనే ఉన్న గోండు రాజుల కోటను పక్కన పెట్టి పోవడం నిజాయితీ అనిపించుకోదు. శిథిలమైన ఆ గోడలను చూసినప్పుడు ఆదివాసీ బిడ్డకు తమవారూ ఏలారన్న గర్వం కలగడం సహజం, ఆ గర్వం అవసరం కూడా. అడవి మనుషులకు చరిత్రే లేదని చెప్పిన బడి పుస్తకాల మధ్య పెరిగిన తరాలకు ఆ గోడ ఒక సాక్ష్యం. కానీ హైదరాబాదు భవనాన్ని అడిగిన ప్రశ్ననే ఈ కోటనూ అడగాలి. ఆ మట్టిని మోసినవారెవరు, రాజుకు ధాన్యంలో వాటా కట్టినవారెవరు, గోండుల వంశగాథలను కిక్రీ అనే తీగవాద్యం మీద తరతరాలుగా పాడి నిలబెట్టిన పర్ధానులకు ఆ కోట లోపల ఏ చోటు ఉండేది, గోండుల ఊళ్లలో గ్రామదేవతల పూజలు చేస్తూ వచ్చిన కోలాములు ఏ ద్వారం దాకా రాగలిగేవారు అని అడగడానికి ఇంకా ఆలస్యం కాలేదు. ఆ పాటలు పాడగలిగిన పర్ధానులు, వారిలాగే గాయకులైన తోటీలు ఈనాటికీ ఉట్నూర్ చుట్టుపక్కల గూడేల్లో ఉన్నారు. రాజుల పేర్లతో పాటు రాజులకు పెట్టినవారి పేర్లు కూడా ఆ గాథల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో వారే చెప్పగలరు.